బడిని తూచుట యెట్లు?

విశాఖపట్టణపు సీతమ్మధారలో మా వీధి మలుపుననున్న అపార్టుమెంటునకు కాపలా కాయు దంపతులు విజయనగరము జిల్లానుండి వలసవచ్చినవారు. వారి కూతురు దగ్గఱలోని ప్రభుత్వపు బడిలో అయిదవ తరగతి చదువుచున్నది. దసరా సెలవులకు ముందొకనాటి సాయంకాలము ఆ తల్లి కొంగుచాటున ప్రోగ్రెస్ కార్డు పట్టుకొని మా గుమ్మమునకు వచ్చి, “సంతకం ఎట్టమన్నారు బాబూ. ఎట్టేస్తాను గానీ, ఇందులో ఏటి రాసారో కాస్త సదివి సెప్పండి. మా పాప బాగా సదూతందా?” అని యడిగినది. కార్డు నిండ “ఏ” అను గ్రేడే కానవచ్చుచుండెను. లెక్కల కెదుట మాత్రము “బీ” యుండెను. బాగుగనే చదువుచున్నదమ్మా యని చెప్పి పంపివేసినచో అంతటితో సరిపోయెడిది. కాని నాకేమి తోచినదో, బల్లమీదనున్న దినపత్రికలో పిల్లల శీర్షిక తీసి ఆ బాలిక ముందుంచి చదువుమంటిని. “వాన”, “చెరువు”, “కప్ప” అను మాటలను గలగల చదివినది. “విద్యుచ్ఛక్తి” దగ్గఱ మాత్రము ఆగిపోయి, ఒత్తుల నొక్కొక్కదానినే వ్రేలితో తడవి, తుదకు “విదుచకి” యని గొణిగి తలవంచుకొన్నది. వాక్యము ముగియునప్పటికి దాని మొదలేమో ఆమెకు జ్ఞప్తి లేదు.

కార్డు అబద్ధమాడినదా యన్నచో, ఆడలేదు. 2009నాటి విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనము జరుపవలెనని యాదేశించిన పిమ్మట, ఉమ్మడి రాష్ట్రమున రూపొందిన పద్ధతిలో ఎఫ్.ఏ. యని పిలువబడు పరీక్షకు యేబది మార్కులుండగా, అందు చిన్న వ్రాతపరీక్షయైన స్లిప్ టెస్టు పాలు ఇరువది మాత్రమే. తక్కిన ముప్పదియు, పదేసి చొప్పున, తరగతిలో పాల్గొనుటకును, వ్రాతపనికిని, ప్రాజెక్టునకును పంచబడెను. పేరులును పంపకములును పిమ్మట పలుమార్లు మారినవి గాని యందలి ఆంతర్యము మాఱలేదు. ఈ బాలిక ప్రాజెక్టు అట్టమీద ఆకులను చక్కగ అంటించియుండును. నల్లబల్లమీది వ్రాతను పొల్లు పోకుండ నోటుపుస్తకములోనికి ఎక్కించియుండును. పిలిచినప్పుడు లేచి నిలుచుండియు నుండును. ఆ కార్డు చెప్పినది ఆమె శ్రద్ధను. తల్లి యడిగినది ఆమె చదువును.

తల్లి వేసిన యీ ప్రశ్ననే ప్రభుత్వములును ఒకటిన్నర శతాబ్దముగ వేయుచున్నవి. ఖజానానుండి ఇంత ధనము బడులకు పోవుచున్నదే, దానికి సాటియైన చదువు పిల్లలకు వచ్చుచున్నదా? ఇంగ్లండు దీనికి మిక్కిలి సూటియైన ఉపాయమును కనిపెట్టినది. 1862నాటి నియమావళి ప్రకారము పాఠశాలల ఇన్స్పెక్టరు ఏటేట బడికి వచ్చి, ప్రతి బాలుని చదువుటలోను, వ్రాయుటలోను, లెక్కలలోను పరీక్షించును. నెగ్గినవారి లెక్కనుబట్టి బడికి గ్రాంటు లభించును. ఆ దశకము ముగియకముందే మద్రాసు రాజధానియు ఈ మార్గమునే త్రొక్కినది. మన సర్కారు జిల్లాల పల్లెబడులలో అయ్యవారి భుక్తి పిల్లల నాలుకల చివర వ్రేలాడెను. తత్ఫలితము ఊహించుట కష్టము గాదు. పుస్తకము తలక్రిందుగ పట్టుకొన్నను పాఠము తప్పకుండ అప్పగించు పిల్లలను గూర్చి ఇంగ్లండులో కథలు చెప్పుకొనిరి. స్వయముగ ఇన్స్పెక్టరుగ పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డు ఈ విధానమును గట్టిగ ఎదిరించెను. ఇచ్చట 1904లో కర్జన్ ప్రభువు నాటి విద్యావిధాన తీర్మానము దీనిని త్రోసిపుచ్చినది.

ఇన్స్పెక్టరన్నంతనే మన ప్రాంతమువారికి మఱియొక దొర జ్ఞప్తికి రావలెను. గ్రాంటులు పోయిన కొలదికాలమునకు ఈ ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చిన జె.ఎ. యేట్సు, పిల్లలు బడిలో చదువు తెలుగునకును వీధిలో మాటలాడు తెలుగునకును ఇంత యెడమేలయని సందేహపడెను. ఆ సందేహము గిడుగు రామమూర్తిగారికిని, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారికిని, గురజాడ అప్పారావుగారికిని చేరి వ్యావహారికభాషోద్యమమునకు బీజమైనది. పిల్లవానికి చదువు రాలేదని వ్రాసికొని పోవుటకు బదులు, మనము కొలుచుచున్నది చదువునా, లేక అన్యభాషనా యని తిరిగి ప్రశ్నించిన ఇన్స్పెక్టరతడు. ఈ ముక్కను గ్రాంథికచ్ఛాయలున్న వచనమున వ్రాయుచున్న నన్ను చూచి గిడుగువారి ఆత్మ నవ్వుకొన్నను నాకు చెప్పుకొనుటకేమియు లేదు. “విద్యుచ్ఛక్తి”ని ఆ బాలిక ముందు పెట్టినవాడనుగూడ నేనే గదా!

నేడు మనరాష్ట్రమున సామాన్యజనుని దృష్టిలో బడికి కొలత యన్న పదవ తరగతి ఫలితమే. ఫలితములు వెలువడిన నాటి ఉదయమున టీకొట్టు వద్ద వినబడునది ఉత్తీర్ణతాశాతమొక్కటే. ఆ శాతములను కొంచెము వరుసగ పేర్చి చూతము. 2019లో నూటికి 94.88 మంది ఉత్తీర్ణులైరి. కరోనా కారణమున 2020లోను, 2021లోను పరీక్షలే లేక అందఱును గట్టెక్కిరి. 2022లో శాతము 67.26కు పడినది, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఆరేండ్లలో ఒక రాష్ట్రపు పిల్లల తెలివి ఇట్లు పడి లేచి మరల జాఱుట సంభవమా? బడులు మూతపడిన కాలపు దెబ్బ అందు నిజముగ నున్నది. కాని కొలబద్దయే నడుమ మాఱినదను సంగతిని మఱవరాదు. 2019వఱకు ప్రతి సబ్జెక్టునకును నూటికి ఇరువది మార్కులు బడిలోనే వేయుచుండిరి. అవి పెక్కుచోట్ల ఉదారముగ పంచిపెట్టబడుచున్నవని గ్రహించి, ఆ యేటి శరదృతువున ప్రభుత్వము వానిని తొలగించినది. పరీక్షాపత్రముల సంఖ్యయు తగ్గినది. జ్వరమాని మార్చి, జ్వరము హెచ్చినదనియో తగ్గినదనియో వాదించుకొనుట వంటిదిది.

ఇంతకంటె చిత్రమైనది మన పొరుగుననే కలదు. పార్వతీపురము మన్యము, అల్లూరి సీతారామరాజు అను రెండు జిల్లాలును 2022 ఏప్రిలులో పుట్టినవే, రెండును గిరిజనప్రాంతములే, రెండింటి కొండలును ఒకే తూర్పుకనుమల శ్రేణి. 2025లో మన్యము జిల్లా 93.90 శాతముతో రాష్ట్రమునకెల్ల మొదట నిలిచినది. అల్లూరి జిల్లా 47.64తో కట్టకడపట నిలిచినది. గిరిజనులకు చదువు రాదను నగరవాసుల మాటకు మన్యమొక్కటే చాలిన జవాబు. అయితే ఆ శాతము మొదటిదానికేల యట్లున్నది, రెండవదానికేల యిట్లున్నదను ప్రశ్నకు మాత్రము శాతము బదులు చెప్పదు. పదవ తరగతిలో చేరిననాడు వారికేమి వచ్చియుండెను? నడుమ ఎందఱు బడి మానిరి? ఉపాధ్యాయుల ఖాళీలెన్ని? చిన్నబడుల విషయమున మఱియొక చిక్కును గలదు. పదిమంది పరీక్ష వ్రాసిన బడిలో ఒక్క బాలునికి ఆనాడు జ్వరము వచ్చినచో శాతమున పది తగ్గును. రెండువందలమంది వ్రాసిన బడిలో ఆ జ్వరము అర శాతమునకు మించి కానరాదు. అందుచేతనే ఉత్తమ బడుల పట్టికలలోను, అధమ బడుల పట్టికలలోను చిన్నబడులే తఱచుగ తగులుచుండును. అది ప్రతిభయు గాదు, లోపమును గాదు, కేవల సంఖ్యాధర్మము.

రేవుపట్టణమున నివసించువానికి ఇచ్చట ఒక పోలిక తోచక మానదు. 1933నుండి ఓడలు వచ్చిపోవుచున్న మన రేవులో ఇనుపఖనిజమును ఓడకెత్తునప్పుడు, లక్ష టన్నుల రాతిని ఏ త్రాసునందు పెట్టి తూచెదరు? తూచరు. డ్రాఫ్టు సర్వే యను పని చేయుదురు. సరకెత్తుటకు ముందు సర్వేయరు ఓడ ముందుభాగమున, నడుమను, వెనుకను, ఇరుప్రక్కల గల ఆరు గుర్తులవద్ద ఓడ ఎంతలోతు మునిగినదో చదువును. రేవునీటి సాంద్రతను కొలుచును. ఓడలోనున్న ఇంధనము, మంచినీరు, తూకమునకై నింపిన బల్లాస్టు నీరు ఎంతెంతయో వ్రాసికొనును. సరకెత్తిన పిమ్మట మరల అన్నియు చదివి, రెండింటి భేదమునుండి సరకుగానిదానిని తీసివేయును. మిగిలినదే ఈ రేవున ఎత్తిన సరకు. ఓడ ఎంతలోతు మునిగియున్నదని మాత్రము చూచి, మన కూలీలెంత మోసిరో చెప్పు సర్వేయరును ఎవ్వరును కొలువులో నుంచుకొనరు. బడుల విషయమున మనము చేయుచున్నది అదియే. తల్లిదండ్రుల చదువు, ఇంటి స్థితి, ట్యూషను, ఇవి యన్నియు పిల్లవాడు బడికి రాకమునుపే వానిలోనున్న బల్లాస్టు. ద్వారకానగర్ కోచింగు సెంటరునకు సాయంకాలము పోవు బాలుని మార్కులను పగటిబడి ఖాతాలో వ్రాయుట తేలిక, తీసివేత చేయువాడేడి?

అట్టి తీసివేతను నేర్చిన దేశములు లేకపోలేదు. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రము 1990ల తొలినాళ్ళనుండి ప్రతి బాలుని వెనుకటేటి మార్కులతో ఈయేటి మార్కులను పోల్చి, బడి కలిపిన వృద్ధి యింతయని లెక్కకట్టుచున్నది. ఇంగ్లండు 2016నుండి, ప్రాథమికదశ చివర ఒకే స్థాయిలోనున్న పిల్లలు తరువాత ఎవరెంత పైకి వచ్చిరో చూచు కొలతను మాధ్యమిక బడులకు వాడినది. ఈ కొలతలమీదను తగవులున్నవి. బీదపిల్లలున్న బడికి తీసివేత సరిగ జరుగలేదని కొందఱు, ఒక యేటి లెక్క మఱుయేటికి నిలువదని కొందఱు వాదింతురు. అయినను రెండు నీటిగీతలను చదువవలెనను సూత్రము మాత్రము సరియైనది.

మనవారికిది పరాయిసంగతి యనుకొనరాదు. ఈ విషయమున లోకమంతయు చదివిన ప్రయోగములలో నొకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు, రాష్ట్రప్రభుత్వమును అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషనును ప్రపంచబ్యాంకును తోడ్పడగా, 2005నుండి అయిదు జిల్లాల గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో దీనిని నడిపిరి. చీటీ వేసి యెన్నుకొన్న కొన్ని బడులలో, పిల్లల సగటు మార్కులు వెనుకటికంటె అయిదు శాతమునకు మించి పెరిగిన ప్రతి యొక్క శాతమునకును ఉపాధ్యాయునికి అయిదువందల రూపాయల బహుమతి. పాతకాలపు ఫలితముల గ్రాంటునకును దీనికిని గల భేదము ఇచ్చటనే కలదు: ఈ బహుమతి స్థాయికి గాదు, వృద్ధికి. పరీక్ష పెట్టినది మాత్రము ఇందునుగూడ బయటివారే. రెండేండ్లలో ఆ బడుల పిల్లలు లెక్కలలోను భాషలోను మిగిలిన బడుల పిల్లలకంటె స్పష్టముగ ముందుకు పోయిరి. బహుమతితో సంబంధమేలేని సామాన్యశాస్త్ర, సాంఘికశాస్త్రములలోను మెరుగైరి. ఆ ఫలితములు 2011లో ప్రకటింపబడినవి. తరువాత వచ్చిన ప్రభుత్వములు ఆ పద్ధతిని రాష్ట్రమంతట ఏల అమలుచేయలేదో గాని, ఉపాధ్యాయుల బదిలీల కౌన్సెలింగుపై జరిగిన చర్చలో నూఱవవంతు చర్చయైనను దీనిపై జరిగినట్లు నాకు తోచదు.

ఒక్క బడిని గాక రాష్ట్రము మొత్తమును కొలువవలెనన్న వేఱు పనిముట్టు కావలెను. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన యిండ్లలో నందఱికిని తెలియును. జాతీయ సాధనసర్వేక్షణమునకు మూలమదియే. 2021 నవంబరు 12న దేశమున 34 లక్షల పిల్లలు ఒకేనాడు ఆ పరీక్ష వ్రాసిరి. దాని వారసురాలైన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణము 2024 డిసెంబరు 4న మూడవ, ఆఱవ, తొమ్మిదవ తరగతులలో 21 లక్షలకు పైబడిన పిల్లలకు జరిగినది. పిల్లలందఱికిని ఒకే ప్రశ్నలుండవు. ప్రశ్నలను కట్టలుగ పంచి, ఏ ప్రశ్న ఎంత కఠినమో గణించి, జిల్లాకొక చిత్రము గీయుదురు. కాని మెతుకు కుండను గూర్చి చెప్పును. పక్క మెతుకును గూర్చి చెప్పదు. మా వీధి బాలిక బడి అందు తగిలినను, ఆమె తల్లికి అందువలన వచ్చు కబురేమియు లేదు.

అసర్ అని ప్రసిద్ధమైన నివేదికది వేఱు మార్గము. 2005నుండి ప్రథమ్ అను సంస్థ స్వచ్ఛందసేవకులను బడికి గాక ఇంటికి పంపును. వాకిట కూర్చుండి ఒక్కొక్క పిల్లచేతికి ఒక్క కాగితమిత్తురు: అక్షరములు, మాటలు, నాలుగు వాక్యములు, ఒక చిన్నకథ, లెక్కలలో అంకెలు గుర్తించుట, అప్పుతెచ్చుకొను తీసివేత, భాగహారము. 2024 నివేదిక ప్రకారము ప్రభుత్వపు బడులలో అయిదవ తరగతి చదువు గ్రామీణబాలలలో రెండవ తరగతి స్థాయి కథను చదువగలిగినవారు దేశమున నూటికి 44.8 మంది. కార్డులను చూచి సంతసించువారికిది చన్నీటిస్నానము. నాకు దీనిపైనున్న ఫిర్యాదు ఒక్కటే: ఇది పల్లెలకే పోవును. సీతమ్మధార కాపలాగదిలో నుండు బాలిక, అమ్మమ్మయింట పల్లెలో నుండినయెడల అసర్ కాగితమామె చేతికి అందుటకు అవకాశముండెడిది. నగరమునకు వచ్చినందున ఆమె లెక్కలోనుండి జారిపోయినది.

బడిలో పెట్టిన పరీక్షకును ఇంటివద్ద పెట్టిన పరీక్షకును ఫలితములలో నింత యెడమేల? పరిశోధకులు పోల్చి చూచినప్పుడు జాతీయ సర్వేక్షణపు సంఖ్యలు అసర్ సంఖ్యలకంటె మిక్కిలి ఆశాజనకముగ నుండుట కనబడినది. దీనికి తోడు, అభిజీత్ సింగ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు మన రాష్ట్రముననే రెండువేలకు పైబడిన బడులలో పరీక్షించి చూడగా, కాగితముమీది పరీక్షలలో మార్కులు అసలు సామర్థ్యముకంటె ఉబ్బియుండుటయు, బయటివారు తెచ్చిన టాబ్లెట్లమీద పరీక్ష పెట్టినప్పుడు ఆ యుబ్బు చాలవఱకు అణగుటయు తేలినవి. ఇందు ఉపాధ్యాయులను నిందించుట నా యభిమతము గాదు. ప్రక్కనున్న బాలుడు తెల్లమొగము వేసికొని కూర్చుండగా పెదవి కదపకుండనుండుట యేగురువునకైనను కష్టమే. పైనుండి వచ్చు వీడియో కాన్ఫరెన్సులో తమ మండలము వెనుకబడినదని ఎఱ్ఱరంగు చూపబడుననియు నాతనికి తెలియును.

ఆ ఎఱ్ఱరంగు ఎచ్చటినుండి వచ్చునో చూడవలెనన్న కేంద్రప్రభుత్వపు పనితీరు గ్రేడింగు సూచికను తెఱచి చూడుడు. 2020-21 సంవత్సరమునకు వేయి మార్కులకు ఆంధ్రప్రదేశ్‌కు 902 వచ్చినవి. ఇంత గొప్ప మార్కును ఇంటికి తెచ్చిన పిల్లవానికి సైకిలు కొనిపెట్టవలసినదే. కాని ఆ వేయి మార్కుల పంపకము చూడుడు: పిల్లలు నేర్చినదానికి 180, ప్రవేశములకు 80, భవనములు మొదలగు వసతులకు 150, సమానత్వమునకు 230, పరిపాలనాప్రక్రియలకు 360. నేర్చినదానికంటె దస్త్రము నడిపినదానికి రెట్టింపు. మన బడులలో ఉపాధ్యాయులు కొన్నియేండ్లు మరుగుదొడ్ల ఫొటోలుకూడ యాప్‌లోనికి ఎక్కించినది వట్టి చాదస్తమనుకొంటిమి గాని, కొలువబడునదియే చేయబడునను నియమమున కదియు లోబడియే యున్నది. పిమ్మట ఆ సూచికను సవరించి పునర్నిర్మించిరి. 2021లో ప్రపంచబ్యాంకు మన రాష్ట్రపు బడులకొఱకు “సాల్ట్” అను పేర మంజూరు చేసిన 25 కోట్ల డాలర్ల ఋణముకూడ, సాధించిన ఫలితములను బట్టి విడుదలయగు తరగతిది. పల్లెలోని అయ్యవారి మెడనుండి తీసిన పలుపు నూఱేండ్లకు పిమ్మట రాష్ట్రపు మెడకే తగులుట చూచి మాథ్యూ ఆర్నాల్డు ఏమనియుండునో!

ఆ బాలిక కార్డులోని “బీ”ని గూర్చి చెప్పుట మఱచితిని. కార్డు చూచిన వారమునకు మా సీతమ్మధార రైతుబజారులో తల్లీకూతుళ్ళు తగిలిరి. టమోటాలు కిలో ముప్పదిరెండు రూపాయలు. కిలోన్నర తీసికొని వందనోటిచ్చిరి. అమ్మువాడు మూటకట్టుచు పరాకున నలుబదిరెండు చేతిలో పెట్టగా, బాలిక వెంటనే, “ఇంకో పది రావాల” యన్నది. వ్రేళ్ళు మడువలేదు, పెదవి కదల్పలేదు. కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలు క్లిష్టమైన బేరపు లెక్కలను నోటితో చేసి, ఆ లెక్కనే బడి పద్ధతిలో ఇచ్చినప్పుడు తడబడుటను గూర్చియు, బడిపిల్లలు బజారు లెక్కలలో తడబడుటను గూర్చియు 2025లో “నేచర్” పత్రికలో వచ్చిన వ్యాసము నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. జేబులోని రసీదు వెనుక వంద వేసి, దాని క్రింద నలుబదియెనిమిది వేసి, గీతగీసి, కలమామె చేతికిచ్చితిని. సున్నలో ఎనిమిది పోదు గనుక ఎనిమిదిలోనుండి సున్న తీసి ఎనిమిది వ్రాసినది. అట్లే నాలుగు వ్రాసినది. మిగిలిన ఒకటిని క్రిందికి దింపినది. 148.

“నూరు రూపాయలిచ్చి టమోటాలు కొంటే నూటనలభైయెనిమిది తిరిగి వస్తాయా అమ్మా?” అంటిని.

ఆ కాగితమువంకను నావంకను చూచి పకపక నవ్వి, “అది బడి లెక్క గదా తాతా!” యన్నది.